బావ పరీక్షలు బావవి, నీ రోజులు నీవి

ప్రశ్న:
అక్కా, మాది ఉద్దానంలో కవిటి దగ్గర పల్లె. ఎమ్మెస్సీ మేథ్స్ చేశాను. పెళ్ళి వరకూ సోంపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పాను. ఈ మధ్యే మా మేనత్త కొడుకుతో పెళ్ళయింది. బావ చిన్నప్పుడే అమెరికా వెళ్ళి అక్కడే పెరిగాడు. ఇప్పుడు వెస్టిండీస్‌లో గ్రెనడా అనే దీవిలో సెయింట్ జార్జెస్ యూనివర్సిటీలో డాక్టరు చదువుతున్నాడు. ఒక టర్మ్ అయింది. జనవరిలో నన్నూ తీసుకెళ్తానన్నాడు. ఇప్పుడే ఫోన్లో పది నిమిషాలు మాట్లాడితే ఎక్కువ, ‘లెక్చర్ ఉంది’ అని పెట్టేస్తాడు. అక్కడ నాకు ఉద్యోగం కుదరదట. పొద్దుట నుంచి రాత్రి దాకా ఆ గదిలో ఏం చేయాలి? మా నాయనమ్మేమో ‘సముద్రం మధ్యలో తుఫానొస్తే ఎక్కడికి పరిగెడతావే’ అని ఏడుస్తోంది. అత్త మాత్రం ‘వాడికి వేళకి ఇంత వండిపెట్టు చాలు, నీకింకేం పని’ అంటోంది. భయమేస్తోందని చెబితే వెళ్ళడం ఇష్టం లేదనుకుంటారు. ఏం తీసుకెళ్ళాలి, ఎలా మసలుకోవాలి, చెప్పండి.
(పేరు వద్దు, శ్రీకాకుళం జిల్లా)

సమాధానం:
చెల్లీ, ముందు మీ అత్త మాట సంగతి చూద్దాం. నీ ఉత్తరంలో తుఫాను కంటే ఆ మాటే నాకు ఎక్కువ గుబులు పుట్టించింది. ఆవిడ కన్నతల్లి, కొడుకు తిండి గురించి ఆలోచిస్తుంది, తప్పు పట్టనక్కర్లేదు. కానీ మావారు ఆ దీవిలోనే చదువుకున్నప్పుడు నేను చూసిందేమిటంటే, బెంగపెట్టుకుని మధ్యలో ఇంటికెళ్ళిపోయినవాళ్ళు దీవి నచ్చక వెళ్ళలేదు. పొద్దున్నే వండి, మూతపెట్టి, ఆ ఒక్క మనిషి ఎప్పుడొస్తాడా అని కిటికీ దగ్గర కూర్చోవడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు వెళ్ళారు. ఇందులో మనవాళ్ళని లేదు, అమెరికా అమ్మాయిలూ ఉన్నారు, భార్య చదువుతుంటే తోడొచ్చిన మగవాళ్ళూ ఉన్నారు. అక్కడ వంట నీకు ఒక పనిగా ఉండాలి, అంతేగానీ రోజంతా అదే కాకూడదు.

బావ చదువు ఎలా ఉంటుందో ముందే తెలిస్తే సగం అలకలు తప్పుతాయి. ఆ కాలేజీలో మొదటి రెండేళ్ళే దీవిలో. ఆ తర్వాత రెండేళ్ళు అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఆస్పత్రుల్లో పని నేర్చుకుంటూ చదవాలి. ఈ రెండు భాగాల మధ్యలో స్టెప్ వన్ అనే పెద్ద పరీక్ష ఉంది. 2022 జనవరి నుంచి దాంట్లో మార్కులు చెప్పడం మానేసి పాసో ఫెయిలో మాత్రమే చెబుతున్నారు. ‘పాసైతే చాలు కదా, ఎందుకంత టెన్షన్’ అని మాత్రం అనకు. అమెరికాలో రెసిడెన్సీ సీటు, అంటే చదువయ్యాక ఆస్పత్రిలో డాక్టరుగా తీసుకునే శిక్షణ కోసం అతను అక్కడి కాలేజీల పిల్లలతో పోటీ పడాలి. దీవి కాలేజీలో చదివినవాడికి ఒక్క ఫెయిల్ పడినా దరఖాస్తులో అది ముందు కనబడుతుంది. వాళ్ళు లైబ్రరీలో అర్ధరాత్రి దాకా కూర్చునేది అందుకే. నీ మీద ప్రేమ తక్కువై కాదు. ఫోన్లో పది నిమిషాలు దొరుకుతున్నాయంటే అక్కడ ఇంట్లో కూడా దాదాపు అంతే దొరుకుతాయనుకో. కాకపోతే ఎదురుగా ఉంటాడు.

అలాగని ఏదీ అడక్కుండా ఉండిపోమనడం లేదు. వెళ్ళిన మొదటి వారంలోనే ఇద్దరూ కూర్చుని రెండు సంగతులు తేల్చుకోండి. ఒకటి, రోజుకి ఒక పూట ఫోను పక్కన పడేసి కలిసి తినడం. అది రాత్రి భోజనమే కానక్కర్లేదు, పొద్దున్న ఉప్మా అయినా సరే. రెండోది, వారంలో ఒక పూట పుస్తకం ముట్టకపోవడం. పరీక్షల వారంలో ఆ పూట ఎగిరిపోతుంది, సర్దుకుపో. తర్వాతి వారం కూడా ఎగిరిపోతే అడుగు. పరీక్ష అయిన రోజు సాయంత్రం బీచికి వెళ్దామని చీర సర్దుకుని కూర్చోకు, ఆ రోజు అతను నిద్రపోతాడు. ‘ఎంతొచ్చింది’ అని మొదట నువ్వు అడక్కు, అతనే చెప్పనీ. మీ అత్త ఫోన్ చేసి నిన్ను అడిగితే ‘ఆయన్నే అడగండత్తా’ అనెయ్. కబుర్లు చేరవేసే పని ఒకసారి నెత్తిన పడిందా, ఇక దిగదు.

డబ్బు సంగతి నువ్వు రాయలేదు. కొత్త పెళ్ళికూతురు అడిగితే బాగుండదని మనకి నేర్పారు మరి. అడుగు. ఆ చదువుకి అప్పు ఎంత, ఎవరి పేరున, వడ్డీ ఎప్పటినుంచి నడుస్తోంది, ఒక టర్మ్ మళ్ళీ చదవాల్సొస్తే ఎలా? ఇవన్నీ కాగితాలతో సహా నీకు తెలిసి ఉండాలి. అతని ఆరోగ్య బీమాలో నీ పేరు చేర్చాడో లేదో కూడా చూసుకో. నీ పేరున ఒక కార్డు, అందులో నీ సొంత డబ్బు కొంత ఉండాలి. అక్కడి నోటు తూర్పు కరీబియన్ డాలరు. ఒక అమెరికా డాలరుకి 2.70 వస్తాయి. ఈ రేటు 1976 నుంచి మారలేదు, కాబట్టి లెక్క సులువే. సూపర్ మార్కెట్లో ధర చూసి గుండె ఆగినంత పనైతే అది ఏ డాలరో చూసుకుని ఊపిరి పీల్చుకో. అయినా ఖరీదే అనుకో, పాలడబ్బా దగ్గర్నుంచి దాదాపు అన్నీ ఓడల్లో రావాల్సిందే.

ఇప్పుడు నీ రోజు గురించి. ఉద్యోగం కుదరదన్నది నిజమే. వర్క్ పర్మిట్ లేకుండా అక్కడి స్కూల్లో గానీ షాపులో గానీ పనిచేయకూడదు. కానీ నువ్వు లెక్కల టీచరువి! గ్రెనడా మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. వాళ్ళు ఎండాకాలం, చలికాలం అని గడియారం మార్చరు కాబట్టి ఏడాది పొడుగునా ఇదే తేడా. అక్కడ పొద్దున్న ఏడున్నర అంటే సోంపేటలో సాయంత్రం ఐదు. నీ పాత స్కూలు పిల్లలు బడి నుంచి వచ్చి, మొహం కడుక్కుని ట్యూషన్‌కి కూర్చునే వేళ. బావ క్లాసుకి వెళ్ళగానే రెండు గంటలు ఇంటర్నెట్లో టెన్త్ పిల్లలకి లెక్కలు చెప్పుకోవచ్చు, ఫీజు ఇక్కడి నీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అక్కడ ఉండి ఇలా చేయడానికి అభ్యంతరం ఏమైనా ఉందేమో ఇమిగ్రేషన్ ఆఫీసులో ముందే అడిగి మొదలుపెట్టు. వచ్చే డబ్బు ఎంతన్నది కాదు. పొద్దున్నే లేచి తల దువ్వుకుని, ‘మేడమ్’ అని పిలిచేవాళ్ళ ముందు కూర్చుంటావు చూడు, దాని విలువ అక్కడికెళ్ళాక తెలుస్తుంది. ఇక్కడ నిన్నటి దాకా టీచరమ్మవి, అక్కడ దిగగానే ‘ఫలానా స్టూడెంటు భార్య’వి. చాలామందిని కుంగదీసేది ఆ మార్పే.

మీ అమ్మతో మాట్లాడటానికి కూడా అదే వేళ బాగుంటుంది. ట్యూషన్ అయ్యేసరికి ఇంట్లో రాత్రి ఏడు. ఒక్క మాట, అమ్మతో వీడియో కాల్ రోజుకి ఒకటి చాలు. ఫోను స్టాండుకి పెట్టేసి రోజంతా కవిటిలోనే కాపురం ఉండే అమ్మాయిలు ఉంటారు. వాళ్ళకి గ్రెనడాలో పక్కింట్లో ఎవరున్నారో కూడా తెలియదు. ఆ కాలేజీలో తోడుగా వచ్చిన భార్యలకీ భర్తలకీ సిగ్నిఫికెంట్ అదర్స్ ఆర్గనైజేషన్ అని ఒక సంఘం ఉంది. వెళ్ళగానే అందులో చేరు. ఇంగ్లీషు గడగడా రాకపోతే ఏం, లెక్కల్లో వెనకబడ్డ పిల్లాడు ఉన్న తల్లి ఒకరు అక్కడా తగులుతుంది. తెలుగువాళ్ళు దొరికితే సంతోషమే, కానీ వాళ్ళ మధ్యే ఉండిపోకు. నలుగురైదుగురు ఉన్నచోట ఒకరికొకరు పడకపోతే ఇక తప్పించుకు తిరగడానికి చోటుండదు.

దీవి చిన్నదే. పొడవు ముప్పై నాలుగు కిలోమీటర్లు, విజయనగరం నుంచి విశాఖ వెళ్ళే దారిలో సగం కంటే కాస్త ఎక్కువ. కాలేజీ ఉన్న ట్రూ బ్లూ ఎయిర్‌పోర్టు పక్కనే, దక్షిణం కొసన. విద్యార్థుల ఇళ్ళు ఎక్కువగా అక్కడా, గ్రాండ్ ఆన్స్ బీచి చుట్టుపక్కలా ఉంటాయి. కాలేజీ బస్సులు తిరుగుతాయి, అయినా ఊళ్ళోవాళ్ళు ఎక్కే మినీ బస్సు కూడా ఎక్కు. మన సర్వీసు ఆటోలాగే మనుషుల్ని కుక్కుతారు, పాటలు హోరెత్తిస్తారు, దిగాలంటే రేకు మీద టకటకా కొడితే ఆపుతాడు. వాహనాలు మనలాగే ఎడమ పక్కనే నడుస్తాయి. రోడ్డు దాటడానికి మొదట తడబడేది నువ్వు కాదు, అమెరికాలో పెరిగిన బావ.

ఒక్కటి మాత్రం బాగా గుర్తు పెట్టుకో. షాపులోకి వెళ్ళినా, బస్సెక్కినా, ఆఫీసు కిటికీ దగ్గర నిలబడినా ముందు ‘గుడ్ మార్నింగ్’, మధ్యాహ్నమైతే ‘గుడ్ ఆఫ్టర్నూన్’. ఆ తర్వాతే నీ పని. మనం సరాసరి ‘ఇది ఎంత’ అని అడిగేస్తాం. అక్కడ అది మర్యాద తప్పిన మాట. మొహం ముడుచుకుని సగం జవాబిస్తారు, ‘పరాయివాళ్ళమని చులకన చేస్తున్నారు’ అని మనవాళ్ళు అపార్థం చేసుకుంటారు. పలకరించి చూడు, అదే మనిషి ఇండియా అనగానే క్రికెట్ మాట ఎత్తి నిన్ను కదలనివ్వదు.

తిండి విషయంలో నీకు బెంగ అక్కర్లేదు. శనివారం పొద్దున్నే రాజధాని సెయింట్ జార్జెస్ ఊళ్ళో మార్కెట్‌కి వెళ్ళు. నువ్వు జనవరిలో దిగుతున్నావు, అప్పటికి పచ్చి కందులు వస్తుంటాయి. సంక్రాంతికి మనం ఉప్పేసి ఉడకబెట్టుకు తినే కందికాయలే. వాళ్ళు పీజన్ పీస్ అంటారు, ఒలిచి సంచుల్లో అమ్ముతారు. చేమాకుని కల్లలూ అని కట్టలు కట్టి పెడతారు. పచ్చి అరటికాయల గెలలు, బెండకాయ, గుమ్మడి, చింతపండు, పసుపు, కొబ్బరికాయ అన్నీ ఉంటాయి. సీమపనస ముక్కలూ చేమాకూ కొబ్బరిపాలలో పసుపేసి, పాలన్నీ ఇంకిపోయి అడుగున నూనె తేలేదాకా ఒకే కుండలో ఉడికిస్తారు. ఆయిల్ డౌన్ అంటారు, అది వాళ్ళ జాతీయ వంటకం. ఉద్దానం అమ్మాయికి కొబ్బరిపాలు కొత్తా? తినేముందు మాత్రం అందులో ఏం మాంసం వేశారో అడుగు. ఉప్పులో ఊరేసిన పందితోక వేయడం మామూలే. రోటీ షాపులు కూడా కనిపిస్తాయి, కోడికూరో బంగాళాదుంప కూరో చుట్టి ఇస్తారు. 1857 మే 1న మెయిడ్‌స్టోన్ అనే ఓడలో చెరకు, కోకో తోటల పనికి మనదేశం నుంచి కూలీలని తెచ్చినప్పటినుంచీ ఆ వంట అక్కడ ఉంది. వాళ్ళ మునిమనవల్లో చాలామందికి మన భాషలేవీ రావు, కూర మాత్రం వచ్చు.

గోంగూర కోసం ఏడుస్తావని తెలుసు. అక్కడ క్రిస్మస్‌కి ఇంటింటా ఎర్రటి షర్బత్తు కాస్తారు, సోరెల్ అని. అది మన ఎర్ర గోంగూర మొక్కకి కాసే ఎర్ర కాయ పైతొడుగులతోనే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనం నార కోసం గోగు వేస్తే, వాళ్ళు ఆ కాయ కోసం వేస్తారు. ఆకుని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నువ్వు వెళ్ళేసరికి కాపు అయిపోయి మొక్కలు పీకేస్తుంటారు. మళ్ళీ వానలు పడి విత్తాక, మార్కెట్లో సోరెల్ అమ్మే ఆవిడని మంచి చేసుకుని లేతాకు తెమ్మను. ఆకు ఎందుకని వింతగా చూస్తుంది. పచ్చడి చేసి ఒక చిన్న గిన్నెతో ఇచ్చావంటే మరుసటి వారం నీకోసం కట్ట పక్కన పెట్టి ఉంచుతుంది.

ఇక మీ నాయనమ్మ భయం. అది ఉత్త భయం కాదు, చిన్నబుచ్చకు. గ్రెనడా తుఫాన్ల దారికి కాస్త దక్షిణంగా ఉంటుంది, అందుకని ‘మాకు రాదులే’ అనుకునేవాళ్ళు. 1955లో జానెట్ వచ్చింది. తర్వాత 2004 సెప్టెంబరు 7న ఐవన్ వచ్చి నూటికి తొంభై ఇళ్ళని దెబ్బతీసింది. జాజికాయ వాళ్ళ జెండా మీదే ఉంటుంది, అప్పటిదాకా ప్రపంచంలో ఇండోనేషియా తర్వాత అంత పండించింది వాళ్ళే. ఆ తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. జాజి చెట్టు నాటిన ఆరేడేళ్ళకి గానీ కాపుకి రాదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి వెళ్ళాక మీ జీడితోటల్లో, కొబ్బరితోటల్లో నిలబడి చూసిన మనిషికి ఈ బాధ నేను వివరించాలా? 2024 జులై 1న బెరిల్ వచ్చినప్పుడు పక్కనున్న కరియకూ అనే చిన్న దీవి అల్లకల్లోలమైంది, గ్రెనడా ఉత్తరం పక్కా దెబ్బతింది, కాలేజీ ఉన్న దక్షిణం చాలావరకు తప్పించుకుంది. అక్కడ తుఫాన్ల కాలం జూన్ నుంచి నవంబరు దాకా. నువ్వు దిగేది జనవరిలో కాబట్టి మొదటి అయిదు నెలలు ఆ ఊసు ఉండదు.

ఈలోగా చేయాల్సినవి నీకు చిన్నప్పటినుంచీ తెలిసినవే. డ్రమ్ముల్లో నీళ్ళు, అటుకులు, బిస్కట్లు, టార్చి, పవర్ బ్యాంకు, పాస్‌పోర్టులు తడవకుండా ప్లాస్టిక్ కవరు, కొంత చిల్లర నోట్లు. కాలేజీ నుంచి వచ్చే హెచ్చరిక మెసేజీలు బావ ఫోనుకే కాదు, నీ ఫోనుకీ వచ్చేలా చేయించుకో. నాయనమ్మతో ఇప్పుడే ఒప్పందం చేసుకో: గాలి తగ్గాక రెండు మూడు రోజులు ఫోను కలవకపోతే టవర్లు పడ్డాయని అర్థం, మనుషులు పోయారని కాదు. తిత్లీ తర్వాత ఉద్దానంలోనూ అంతే కదా, బయటున్న చుట్టాలు ఎంత అల్లాడిపోయారో ఆవిడకి గుర్తుంటుంది.

తుఫాను కంటే రోజూ వేధించేది దోమ. డెంగ్యూ ఉంది. కుండీల కింద, డ్రమ్ముల్లో నీరు నిలవనివ్వకు, సాయంత్రం పూట నిండుగా కప్పే బట్టలు వేసుకో. వానల్లేని నెలల్లో కుళాయి ఆగిపోతుంటుంది. ఇల్లు చూసేటప్పుడు సముద్రం కనిపిస్తుందా అని కాకుండా నీళ్ళ ట్యాంకు ఉందా అని అడుగు. ఇంకోటి, బీచి పక్కన మంచినీల్ అనే చెట్టు ఉంటుంది. చిన్న ఆకుపచ్చ ఆపిల్ పళ్ళలాంటివి కింద రాలి ఉంటాయి, మంచి వాసన కూడా వేస్తాయి. అది విషం. పండు కొరకడం మాట అటుంచు, వానలో ఆ చెట్టు కింద నిలబడితే కారే నీళ్ళకే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. కొన్నిటికి ఎర్ర రంగు పట్టీ వేసి ఉంచుతారు, అన్నిటికీ ఉండదు. జామకాయ కనిపిస్తే కోసే అలవాటు మనది, అందుకే ఇంత చెప్పడం.

సామాను గురించి ఎక్కువ చెప్పను, ఎలాగూ మీ అమ్మ తన లెక్కన తను సర్దుతుంది. కరెంటు మనలాగే 230 వోల్టులు, కాబట్టి ఇక్కడి మిక్సీ, గ్రైండరు అక్కడ నడుస్తాయి. ప్లగ్గు మాత్రం బ్రిటిష్‌వాళ్ళ చదును పిన్నులది, నాలుగు అడాప్టర్లు కొనుక్కో. బావ అమెరికా నుంచి తెచ్చుకున్న రైస్ కుక్కరు 110 వోల్టులదై ఉంటుంది, చూడకుండా గోడకి పెడితే కాలిపోతుంది. ప్రెషర్ కుక్కరు, మినప్పప్పు, ఇంగువ, ఆవాలు, సీలు వేసిన ఆవకాయ పట్టుకెళ్ళు. కరివేపాకు మొక్కలు, విత్తనాలు, ఎండుచేపలు పెట్టెలో వేయనివ్వకు, కస్టమ్స్ దగ్గర చిక్కు. పట్టుచీరలు రెండు చాలు, ఆ ఉప్పుగాలికి బీరువాలో ఉన్నవి కూడా బూజు పడతాయి. మంచం, సోఫా లాంటివి కొత్తవి కొనకండి. రెండేళ్ళకి వెళ్ళిపోయే విద్యార్థులు ప్రతి టర్మ్ చివరా అమ్మేసి పోతారు, రేపు మీరూ అమ్మేస్తారు.

ఇవన్నీ తర్వాత. ఈ వారం నీ పాస్‌పోర్టు తీసి గడువు చూడు. గ్రెనడాలో మన రాయబార కార్యాలయం లేదు, ఆ పనులన్నీ ట్రినిడాడ్‌లోని భారత హైకమిషన్ చూస్తుంది. రెండు మూడేళ్ళలో గడువు తీరేదైతే విశాఖలోనే రెన్యువల్ చేయించుకుని బయల్దేరు, భర్త పేరు కూడా ఎక్కించుకో. టికెట్ అమెరికా మీదుగా తీస్తే కేవలం విమానం మారడానికి కూడా నీకు వీసా కావాలి. అమెరికా పాస్‌పోర్టుతో తిరిగే బావకి ఇది తట్టదు. డబ్బు కట్టకముందే అడుగు. మ్యారేజ్ సర్టిఫికెట్, ఎమ్మెస్సీ ఒరిజినల్స్, నీ స్కూలు వాళ్ళిచ్చే అనుభవ పత్రం చేతిసంచిలో పెట్టుకో, పెద్ద పెట్టెలో కాదు. ఆ అనుభవ పత్రం ఇంకా తీసుకోలేదంటే సంక్రాంతి సెలవులకి స్కూలు మూసేలోపు సోంపేట వెళ్ళి తెచ్చుకో.